గట్టు వెనక నీరు

జియాముసి
1984 మార్చి 4

అన్నయ్యకు,

నీకు ఉత్తరం రాసి నాలుగు నెలలైంది. ఇప్పుడు కూడా నా అంతట నేను రాయడం లేదు. మీ బావ నా చేతికి కలమిచ్చి, తలుపుకి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా? నేను రాస్తే మీ అన్న చదవలేక ఛస్తాడు" అంటున్నాడు. ఇరవయ్యేళ్ళు దుంగల మిల్లులో రంపం పట్టిన చేతి రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. అందుకని నేనే రాస్తున్నాను.

పెద్ద విషయమేమీ కాదు. తిండి సయించడం లేదు. గిన్నె ముందు కూర్చుంటాను, అన్నం తినే పుల్లలు చేతిలోకి తీసుకుంటాను, రెండుసార్లు నోటిదాకా తీసుకెళ్ళేసరికి గొంతులో ఎవరో తలుపు వేసినట్టవుతుంది. యాభై రెండు కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు నలభై ఆరు. ఆసుపత్రిలో సున్నపు నీళ్ళలాంటిది తాగించి ఫోటోలు తీశారు. రక్తం తీశారు. "మీకేమీ లేదమ్మా" అని డాక్టరమ్మ చెప్పింది. ఏమీ లేకపోతే ఆ ఆరు కిలోలు ఎక్కడికి పోయాయో, లెక్కల పంతులమ్మని అయ్యుండి నాకే అంతుపట్టడం లేదు.

నువ్వేమంటావో నాకు తెలుసు. నాడి పట్టే వైద్యుడివి, ఒంటిని నడిపేది ఈ ఐదేనని కర్ర, నిప్పు, మన్ను, లోహం, నీరు అంటూ వేళ్ళు మడుస్తావు. చిన్నప్పుడు నువ్వలా మడుస్తుంటే నేను నా వేలొకటి మధ్యలో దూర్చి "మరి ఇదెవరో?" అని ఏడిపించేదాన్ని. అమ్మ నవ్వు ఆపుకోలేక గరిటెతో ఇద్దర్నీ వంటింట్లోంచి తరిమేది. మందులేవీ పంపకు. మీ బావ మనసు కుదుటపడటానికే ఈ ఉత్తరం.

కిందటి అక్టోబరులో అమ్మ సంవత్సరీకానికి రాలేదని కోపం పెట్టుకోకు, బళ్ళో పరీక్షలు. అసలు ఆనాడు అమ్మకి బాగా లేదన్న నీ టెలిగ్రాం సమయానికి అంది ఉంటే, నాలుగు రోజుల రైలు ప్రయాణమైనా ఎలాగోలా వచ్చి అమ్మని చూసేదాన్ని. మూడు రోజులు ఆలస్యంగా వచ్చిందాయె. ఏం చేస్తాం.

వదినకు నమస్కారం.

సూయూన్


సిన్‌హుయి
పురుగులు మేలుకునే పక్షం, మార్చి

చెల్లీ,

తిన్నావా? అమ్మ పోయాక ఈ మాట అడిగే బాధ్యత నాదని మరిచిపోయాను, నీ ఉత్తరం గుర్తుచేసింది. ఇకనుంచి ప్రతి ఉత్తరంలో ముందు ఇదే అడుగుతాను. సమాధానం చెప్పి తీరాలి.

నువ్వు బడినుంచి వచ్చేదాకా అమ్మ పుల్లలు ముట్టేది కాదు, జ్ఞాపకముందా? గంజి మీద మీగడ కట్టి, అదీ చల్లారి, నేను ఆకలికి మాడిపోతుంటే "చెల్లిని రానీరా బోజ్యాన్, అది రాకుండా నేనెలా తింటాను" అనేది. నువ్వు దారిలో చెరుకుతోట దగ్గర ఆడుకుంటున్నావని నాకు తెలుసు. చెబితే నిన్ను కొడుతుందని చెప్పేవాణ్ణి కాదు. అంత మంచి అన్నకి నాలుగు నెలలు ఉత్తరం రాయవు!

ఇప్పుడు వైద్యుడిగా మాట్లాడతాను, నవ్వకు. ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడు. పొయ్యిలో కర్ర. కర్రకి పుట్టిన నిప్పు. నిప్పు మీద ఇనపమూకుడు. మూకుడులో నీళ్ళు. నీళ్ళలో మన్ను ఇచ్చిన గింజ. ఐదుగురూ ఒకే చోట నిలబడి ఒకళ్ళనొకళ్ళు ఆదుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు అదుపు చేస్తూ ఉంటే నీ చేతికి ఒక గిన్నెడు గంజి వస్తుంది. ఒకడు కాస్త విజృంభించినా మాడుతుంది, ఒకడు నీరసించినా పచ్చిగా ఉంటుంది. ముప్పయ్యేళ్ళుగా నాడి చూస్తున్నాను. గంజి సరిగ్గా కుదిరిన రోజున ఇప్పటికీ మూత తీసి అలాగే చూస్తూ నిలబడిపోతాను. "గంజిని మొదటిసారి చూస్తున్నారా?" అంటుంది మీ వదిన. ప్రతిసారీ మొదటిసారే అంటాను. ఇదే పొయ్యి నీ ఒంట్లోనూ ఉంది. అందులో ఎవడు తిన్నగా లేడో కనిపెట్టాలి, అంతే.

నీ ముఖం ఏ రంగులో ఉందో అద్దంలో కాదు, పగటి వెలుతురులో బావని చూసి చెప్పమను. ఏ రుచి మీద మనసుపోతోంది? గొంతు ఎలా ఉంది? నిద్ర ఎలా ఉంది? మనసులో ఎక్కువగా ఏముంది? కోపమా, ఉల్లాసమా, అదే పనిగా ఆలోచనా, దుఃఖమా, భయమా? ఒక్కటే రాయి.

నీ జవాబు వచ్చేదాకా చిరుజొన్న గంజి, గుమ్మడికాయ, ఎండు రేగుపళ్ళు. అన్నీ పసుపూ తీపీ, మన్నుకి చెందినవి, పొట్టకి దన్ను. మీ ఊళ్ళో గడ్డకట్టిన బేరిపళ్ళు కొరుక్కు తింటారే, అవి ముట్టుకున్నావో, వచ్చి చెవి మెలిపెడతాను. అన్నం దగ్గర పిల్లల పుస్తకాలు దిద్దకు.

నువ్వు పుట్టిన ఏడు అమ్మ ఎండబెట్టి దాచిన కమలాతొక్కల జాడీ ఈ ఏడు కూడా ఎండలో పెడతాను. నలభై ఒక్క ఏళ్ళు. మూత తీస్తే వీధి చివరి వరకూ వాసన. నీదది. ఎప్పుడొచ్చి పట్టుకెళ్తావో.

బోజ్యాన్


జియాముసి
1984 జూన్ 2

అన్నయ్యకు,

తినలేదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

మీ బావ ఇంటిని పసుపుమయం చేశాడు. పొద్దున్న చిరుజొన్న, మధ్యాహ్నం గుమ్మడి, సాయంత్రం మళ్ళీ చిరుజొన్న. "ఇంకా పసుపు కావాలంటే గోడలకి రంగేయిస్తా" అంటున్నాడు. అయినా నలభై రెండు కిలోలకి దిగాను.

నీ ప్రశ్నలకి జవాబులు, ఆయన చూసి చెప్పినవి. ముఖం పసుపు. కళ్ళ కింద మాత్రం నల్లగా, ఎవరో మసి పూసినట్టుందట. తీపి మీద కాస్త మనసుపోతోంది. మాట్లాడుతుంటే పాట పాడుతున్నట్టు సాగుతోందని బళ్ళో అందరూ అంటున్నారు. నిద్ర సరిగ్గా లేదు. పాదాలు జూన్‌లో కూడా మంచుగడ్డలే. మనసులో ఉన్నది: ఆలోచన. ఏం ఆలోచన అని అడగకు. ఒకే లెక్కని మళ్ళీ మళ్ళీ చేసి, ప్రతిసారీ అదే జవాబు వస్తే, మళ్ళీ మొదటినుంచి చేయడం. అంతే.

ఒక విచిత్రం చెప్పనా? నిన్న ఏడో తరగతికి బహుభుజులు చెబుతున్నాను. బోర్డు మీద ఐదు చుక్కలు పెట్టాను. నీ ఐదుగురు గుర్తొచ్చారు. పక్కపక్క చుక్కలు కలిపితే చుట్టూ గీత, ఒకటి మరొకదాన్ని కనే వరస. ఒకటి విడిచి ఒకటి కలిపితే మధ్యలో నక్షత్రం, ఒకటి మరొకదాన్ని అదుపు చేసే వరస. అక్కడితో ఆపేద్దామనుకున్నాను. చూస్తే ఆ నక్షత్రం నడుమ చిన్న పంచభుజి, తలకిందులుగా. అందులో మళ్ళీ నక్షత్రం గీశాను. దాని నడుమ మళ్ళీ పంచభుజి. సుద్ద మొన పట్టనంత చిన్నదయ్యేదాకా గీస్తూనే ఉన్నాను. ఎక్కడా ఆగదన్నయ్యా. నీ వేళ్ళు మడిచే ఆట వెనక ఇంత లోతుందని పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, నాకు తట్టనే లేదు. ఒళ్ళు జలదరించింది. పిల్లలు "టీచర్, గంట కొట్టారు" అంటే గానీ ఈ లోకంలోకి రాలేదు.

కానీ బోర్డు మీద అంత చక్కగా సరిపోయినది నా ఒంట్లో ఎందుకు సరిపోదో తెలియదు.

అమ్మ ఉంటే తెలిసేదేమో. ఆ టెలిగ్రాం మూడు రోజులు ఆలస్యం కాకపోతే కనీసం అడిగేదాన్ని.

సూయూన్


జియాముసి
ఆగస్టు 6

బావగారూ,

ఇది ఆమెకి తెలియకుండా మిల్లులో కూర్చుని రాస్తున్నాను. నా రాత ఇంతే, ఓపిక పట్టి చదవండి.

సూయూన్ ముప్పై ఎనిమిది కిలోలు. పోయిన వారం బళ్ళో బోర్డు ముందు పడిపోయింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైను ఎక్కించారు. "మీ ఆవిడకి రోగం లేదు, కానీ ఇలాగే ఉంటే చలికాలం దాటదు" అని పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. రోగం లేకుండా మనిషి ఎలా పోతుంది? అడిగితే కాగితాలు తిరగేశాడు.

ఇంట్లో అరవదు, ఏడవదు, ఏదీ కావాలని అనదు. కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో నేను బూట్లతో ఇంట్లోకొస్తే చీపురు విసిరిన మనిషి. మొన్న కావాలనే బురదబూట్లతో మంచం దాకా నడిచాను. చూసి ఊరుకుంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

నాకు మీ ఐదూ పదీ తెలియవు. చెట్టుని చూస్తే ఎన్ని పలకలొస్తాయో చెప్పగలను, అంతే. ఏం చెయ్యమంటే అది చేస్తాను. నా భార్యని బతికించండి.

ల్వాన్ తెంగ్‌హే


సిన్‌హుయి
శరత్తు మొదలయ్యే పక్షం

బావా,

నీ రాత బాగానే ఉంది. ఒక్క అక్షరం కూడా వదలకుండా మూడుసార్లు చదివాను.

ఇది ఆమెకి చూపించకు. చదివి పొయ్యిలో వేసెయ్.

సూయూన్‌లో మన్ను గడ్డకట్టుకుపోయింది. పసుపు ముఖం, సాగే గొంతు, తీపి, ఎడతెగని ఆలోచన, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. అమ్మని చూడలేకపోయానే అని రెండేళ్ళుగా లోపల తవ్వుకుంటోంది. గుమ్మడికాయలతో వదిలే దశ దాటిపోయింది. ఇక మిగిలింది ఒకటే మార్గం. గట్టిపడిన నేలని చెట్టువేరు చీలుస్తుంది. చెట్టుకి చెందిన భావం కోపం. కోపం వస్తే ఆలోచన పగులుతుంది. మా తాతగారు ఇలాగే ఒక పట్టుబట్టల వర్తకుడి కూతురికి వైద్యం చేశారు. ఆమె ముందే కూర్చుని ఆమెకని వండిన బాతుని తినేసి, మందు రాయకుండా మూతి తుడుచుకుని వెళ్ళిపోయారట. ఆ పిల్ల కోపంతో వీధిదాకా తరిమి, తిరిగొచ్చి మిగిలిన బాతు తినేసిందట. చిన్నప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆయనకి మొక్కాలనిపిస్తోంది. ఒక మనిషిలోని కోపాన్ని మందుచెక్కలా తూచి వాడటమంటే మాటలా?

సూయూన్‌కి ఒక ఉత్తరం రాస్తున్నాను. అది విషం. దేనికి అంత మండుతుందా అని రెండు రోజులు ఆలోచించాను. నిజమైన నింద వేస్తే మనిషి చల్లబడిపోతాడు, అబద్ధపు నింద వేస్తేనే భగ్గుమంటాడు. కాబట్టి పచ్చి అబద్ధం వెతికాను. టెలిగ్రాం సమయానికే అందినా రాలేదని నిందిస్తాను. అది ఆలస్యమైందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంతకంటే అన్యాయమైన నింద ఉండదు.

ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి మీద సేమ్యా పులుసు మరుగుతూ ఉండాలి. ఓదార్చకు. నన్ను తిడితే నువ్వూ తిట్టు. గిన్నెలు విసిరితే పక్కకి తప్పుకో. అరిచి అలిసిపోయాక ఆకలేస్తుంది. అప్పుడు మాట్లాడకుండా గిన్నె ముందు పెట్టు.

బోజ్యాన్


సిన్‌హుయి
శరత్తు మొదలయ్యే పక్షం, పదకొండో రోజు

సూయూన్,

ఇన్నాళ్ళూ మర్యాదకి ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

ప్రతి ఉత్తరంలో టెలిగ్రాం ఆలస్యమైంది, టెలిగ్రాం ఆలస్యమైంది అని పాడతావు. ఎవరి చెవిలో పువ్వులు పెడతావు? అక్టోబరు తొమ్మిదో తేదీ పొద్దున్నే నా చేత్తో నేనిచ్చాను. అదే రోజు సాయంత్రానికి నీ చేతికొచ్చింది. బయలుదేరి ఉంటే పదమూడుకి ఇక్కడ ఉండేదానివి. అమ్మ పద్నాలుగున పోయింది. నువ్వు రాలేదు. కదలడానికి బద్ధకమేసింది. దూరదేశంలో సుఖంగా ఉన్నావు, చచ్చే ముసలిదాని మంచం పక్కన కూర్చోవడం నీకు పట్టలేదు.

ఆమె ఐదు రోజులు తలుపు వైపే చూసింది. మీ వదిన నీళ్ళు పట్టిస్తుంటే తల పక్కకి జరిపి చూసింది, ఎక్కడ వదిన భుజం అడ్డమొస్తుందో అని. ఒళ్ళు తుడిచింది నేను. మలమూత్రాలు ఎత్తింది మీ వదిన. నువ్వు లెక్కలు చెప్పుకుంటున్నావు.

చివరిగా నీ పేరెత్తి ఒక మాట అంది. అదేమిటో చెప్పను. వినే అర్హత నీకు లేదు.

నీ జాడీ పక్కింటి వాళ్ళ పెళ్ళికి ఇచ్చేశాను. బాతుకూరలో వేసుకున్నారు. బాగుందట.

బోజ్యాన్


టెలిగ్రాం
జియాముసి, ఆగస్టు 30

కోపం రాలేదు. గిన్నె విసరలేదు. చదివి మడిచి జేబులో పెట్టుకుంది. పెరట్లో ఊరగాయ కుండ పక్కన కూర్చుంది. లేవడం లేదు. ఇంకేం రాశారు.

తెంగ్‌హే


టెలిగ్రాం
సిన్‌హుయి, ఆగస్టు 31

పక్కనే కూర్చో. ఒక్క క్షణం వదలకు. నేను పొరపడ్డాను.

బోజ్యాన్


జియాముసి
1984 సెప్టెంబరు 9

అన్నయ్యా,

టెలిగ్రాం తొమ్మిదో తేదీనే అందింది.

నీకెలా తెలిసిందో నాకు తెలియదు. బడికి వచ్చింది. ప్యూను తరగతిలోకి తెచ్చి ఇచ్చాడు. 'అమ్మకి బాగా లేదు, వెంటనే రా.' భిన్నాల కూడిక చెబుతున్నాను. మడిచి లోపలి జేబులో పెట్టుకుని, కూడిక పూర్తిచేశాను. మీ బావ ఆ వారం నది మీద దుంగల పనికి వెళ్ళాడు, ఇంట్లో లేడు. ఆయనకీ అబద్ధమే చెప్పాను. ఆ కాగితం ఇన్నాళ్ళూ నా ఒంటిమీదే ఉంది. కోటు మారిస్తే దాన్ని కూడా మార్చేదాన్ని. ఇప్పుడు నీ ఉత్తరం పక్కన పరిచి పెట్టాను.

బద్ధకం కాదన్నయ్యా. అది మాత్రం కాదు. ఎందుకు రాలేదో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెబితే పిచ్చిదంటారు. నువ్వే రాశావు కదా మార్చిలో, నేను వచ్చేదాకా అమ్మ పుల్లలు ముట్టేది కాదని. నేను రాకుండా అమ్మ ఏ పనీ మొదలుపెట్టేది కాదు. ఆ టెలిగ్రాం చూడగానే నాకొకటే అనిపించింది. నేను వెళ్ళనంతసేపూ అమ్మ ఎదురుచూస్తుంది. ఎదురుచూస్తున్నంతసేపూ పోదు. నేను గుమ్మంలో కాలు పెడితే "వచ్చావా" అని వెళ్ళిపోతుంది. నలభై ఏళ్ళదాన్ని, లెక్కలు చెప్పేదాన్ని, నిజంగా అలాగే అనుకున్నాను. ఐదు రోజులు భయంతో పాఠాలు చెప్పాను. కాళ్ళు చల్లబడిపోయాయి, నేల తెలియలేదు. రెండో టెలిగ్రాం వచ్చాక ఇక లెక్క మొదలైంది. పదో తేదీన బయలుదేరితే? తొమ్మిది సాయంత్రమే బయలుదేరితే? ప్రతిసారీ చేరేదాన్నే. ఒక్కసారి కూడా జవాబు మారలేదు.

నీ ఉత్తరం చదివాక పెరట్లో కూర్చున్నాను. మీ బావ వచ్చి పక్కనే కూర్చున్నాడు. మర్నాడు నీ టెలిగ్రాం వచ్చినట్టుంది, ఇక అసలు కదల్లేదు, మిల్లుకీ పోలేదు. ఆ సాయంత్రం తడిసిన కలప వాసన వేసింది ఆయన కోటునుంచి. ఎందుకో అప్పుడు ఏడుపొచ్చింది. అమ్మ పోయాక నేను ఏడవలేదని నీకు తెలుసా? ఒక్కసారి కూడా లేదు. రెండు రోజులు ఏడ్చాను. ఊపిరి తీసుకోవడానికి ఆపి, మళ్ళీ. పక్కింటావిడ గోడ మీదుగా చూసి "ఎవరు పోయారమ్మా?" అంది. "మా అత్తగారు" అన్నాడు మీ బావ. "అయ్యో, ఎప్పుడు?" అంటే "రెండేళ్ళ క్రితం" అన్నాడు. ఆమె ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. ఆ తర్వాత లోపల్నుంచి, మీ బావ క్షణం లేచివెళ్ళి పొయ్యి మీద పెట్టొచ్చిన సేమ్యా పులుసు వాసన తగిలింది. వాసన, అన్నయ్యా! ఏడాదిగా తిండి వాసనే నాకు తగల్లేదని అప్పుడు తెలిసింది.

సగం గిన్నె తిన్నాను. తర్వాత పాదాలు పట్టుకు చూసుకున్నాను. వెచ్చగా ఉన్నాయి.

నన్ను క్షమించమని అడగను. అమ్మ అన్న మాట చెప్పనన్నావు, అదీ అడగను. ఒక్కటే అడుగుతాను. నువ్వు వైద్యుడివి. రెండు కాగితాలు నా ఒంట్లో ఏం చేశాయో చెప్పు.

సూయూన్


సిన్‌హుయి
పగలూ రాత్రీ సమానమయ్యే పక్షం

చెల్లీ,

తిన్నావా?

నీ ఉత్తరం పట్టుకుని మూడు రోజులు తిరిగాను. రోగుల నాడి పట్టుకుని వాళ్ళేం చెబుతున్నారో వినలేదు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాను, నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి.

నేను రాసింది మందు. నీకు కోపం తెప్పించాలని కల్పించాను. కోపంతో ఆలోచన పగలగొట్టే పాత పద్ధతి. బావకి ముందే చెప్పాను, వాణ్ణేమీ అనకు. నీకు టెలిగ్రాం ఎప్పుడు అందిందో నాకు తెలియదు. నువ్వు అబద్ధమాడవనే నమ్మకంతోనే ఆ నింద ఎంచుకున్నాను. అది నిజమై కూర్చుంది. కోపం రాలేదని బావ టెలిగ్రాం ఇచ్చినప్పుడు భయపడినంత నా జీవితంలో ఎప్పుడూ భయపడలేదు. మనిషిని నిజంతో కొడితే చల్లబడిపోతాడని నా చేత్తోనే రాశాను.

అప్పుడు నీ జూన్ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. 'కళ్ళ కింద మాత్రం నల్లగా.' 'పాదాలు మంచుగడ్డలే.' నువ్వు రాశావు, నేను దాటేశాను. పసుపు చూసి మురిసిపోయి, దాని కింది నలుపు వదిలేశాను. నిద్రలేక వచ్చిందిలే అనుకున్నాను. నలుపు నీటిది, చలి నీటిది. నీటి భావం భయం. మొదటి ఏడాది శిష్యుడు కూడా చెయ్యని తప్పు. నీరు పొంగితే అడ్డుకునేది ఏది? మన్నే. నీ ఆలోచన రోగం కాదు చెల్లీ, గట్టు. లోపలి భయం నిన్ను ముంచెయ్యకుండా రాత్రింబవళ్ళు నీ చేతులతో నువ్వు కట్టుకున్న గట్టు. ఉన్న బలమంతా గట్టు కట్టడానికే పోతుంటే అన్నం అరగడానికి ఏం మిగులుతుంది? నేనొచ్చి గట్టు తెంపాను, వెనక అంత నీరుందని తెలియక. నిన్ను ముంచెయ్యాల్సిన నీరు కళ్ళవెంట దారి చూసుకుని పోయింది. అది నా వైద్యం కాదు. నేను గురి తప్పాను, నీ ఒంట్లో ఉన్న ఆ ఐదుగురే ఒకళ్ళకొకళ్ళు చేయందించుకున్నారు. పక్కన వెచ్చగా ఒక కలపమనిషి కూర్చుని ఉన్నాడు, అది కూడా మందే. నీ బోర్డు మీద నక్షత్రంలో నక్షత్రం చూసి నీకు ఒళ్ళు జలదరించిందన్నావు. నాకిప్పుడు జలదరిస్తోంది. ఇంతకాలం ఆ చక్రాన్ని నేను తిప్పుతున్నాననుకున్నాను.

ఇక రెండో సంగతి. అంతా కల్పించానన్నాను, అది కూడా పూర్తిగా నిజం కాదు. రాయడం మొదలుపెట్టాక కల్పించాల్సిన అవసరం పడలేదు. కలం దానంతట అదే పరిగెత్తింది. టెలిగ్రాం కథ నేనెక్కడో ఒక మూల అనుమానించినట్టున్నాను, నాకే తెలియకుండా. రెండేళ్ళుగా నాకు కుడి పక్కటెముకల కింద, కోపం దాగే చోట, పోటు. ఎన్ని కషాయాలు తాగానో మీ వదినని అడుగు. ఆ ఉత్తరం పోస్టుడబ్బాలో వేసి ఇంటికొచ్చి రెండు గిన్నెల గంజి, ఉప్పుచేప తిన్నాను. "ఏమిటివాళ?" అంది మీ వదిన. పోటు లేదు. ఇంతవరకూ మళ్ళీ రాలేదు. నీకని కాచిన మందు ముందు నాకు పనిచేసింది. ఒక కాగితం ముక్క, దానికి రెండువైపులా ఇద్దరు రోగులు.

అందుకే ఇది ఇంకా సిగ్గుగా రాస్తున్నాను. ఆ ఉత్తరంలో ఒక వాక్యం మాత్రం ఏమాత్రం కల్పన కాదు. అమ్మ నీ పేరెత్తి ఒక మాట అంది. నీకు చెప్పమని అంది. రెండేళ్ళు చెప్పలేదు. నీ మీది కోపంతో, నీ మందు నా జేబులో పెట్టుకుని నీకు గుమ్మడికాయలు తినమని రాశాను.

పదమూడో తేదీ సాయంత్రం. నేను తలుపు తెరిచి ఉంచాను, నువ్వు వస్తావని. అమ్మ చూసి, "మూసెయ్, గాలి కొడుతోంది" అంది. "చెల్లి వస్తుందేమో" అన్నాను. "రాదురా. నేను దాని కోసం ఆగుతానని రాదు. పిచ్చిపిల్ల, నాకు తెలియదా?" అంది. నవ్వింది కూడా. తర్వాత గంజి అడిగింది. నాలుగు రోజులుగా ఏదీ ముట్టని మనిషి మూడు చెంచాలు తాగింది. మూతి తుడిపించుకుని అంది: "ఈసారి నేను ముందే తినేశానని చెప్పు దానికి. దాని గిన్నె మూతపెట్టి ఉంచు. వచ్చినప్పుడు తింటుంది."

మర్నాడు పోయింది.

జాడీ ఎవరికీ ఇవ్వలేదు. ఈ ఉత్తరంతోనే పార్సిల్ పంపుతున్నాను. అమ్మ తన వేళ్ళతో మూడేసి రేకులుగా ఒలిచిన తొక్కలు, నల్లబడి ఇనుములా ఉన్నాయి. ఒక్క రేకు గంజిలో వేస్తే చాలు.

బోజ్యాన్


జియాముసి
1984 అక్టోబరు 14

అన్నయ్యా,

పార్సిల్ ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. మూత తీశాను. మన పెరడు, నీ తడి చొక్కాలు, నా ఆరేళ్ళ వయసు, అన్నీ ఒక్కసారి ఇంట్లోకి వచ్చాయి. ఇక్కడ అప్పుడే మొదటి మంచు పడుతోంది. అంత చలిలోకి నలభై ఒక్క ఏళ్ళ నాటి ఎండ తెరుచుకోవడం నువ్వు చూడాల్సింది.

పొయ్యిలో కర్ర పెట్టాను. నిప్పు, ఇనపమూకుడు, నీళ్ళు, చిరుజొన్న. ఒక రేకు వేశాను. ఐదుగురినీ వరసగా చూసుకుంటూ నిలబడ్డాను, నువ్వు చెప్పినట్టు. మొదటిసారి చూస్తున్నట్టే ఉంది.

మీ బావ మిల్లునుంచి రావడానికి ఇంకా గంట ఉంది. రెండు గిన్నెల్లో పోశాను. మన ఇంట్లో అందరూ రాకుండా ఎవరూ పుల్లలు ముట్టరు. నేనూ పెళ్ళయిన నాటినుంచి ఆయన కోసం ఆగుతూనే ఉన్నాను. ఇవాళ ఆయన గిన్నె మీద మూత పెట్టాను.

ఇవాళ పద్నాలుగో తేదీ, ఏ రోజో నీకు తెలుసు. ప్రతి ఉత్తరంలో నువ్వడిగే మాటకి జవాబు ఇది, నీకూ, నాకు మాట పంపిన ఆవిడకీ.

తిన్నాను. ఎవరికోసమూ ఆగలేదు. నేను ముందే తినేశాను.

సూయూన్